దెబ్బ పడకముందు చూడండి: చేత్తో గీసిన పాత కార్టూన్లు చూసే పద్ధతి

టామ్ అండ్ జెర్రీ చూడటానికి కూడా ఒక పద్ధతి కావాలా? నవ్వుకోవడానికైతే అక్కర్లేదు. మూడేళ్ళ పిల్ల కూడా ఎవరూ నేర్పకుండానే నవ్వుతుంది. కానీ ఆ నవ్వు వెనక ఎన్ని చేతులు పనిచేశాయో కనిపించాలంటే కొంచెం ఆగి చూడాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి ఫోటోలు. ఏడు నిమిషాల కార్టూన్ అంటే 10,080 ఫ్రేములు. వాటిలో మీకు కనిపించే ప్రతి గీతా ఎవరో ఒకరు బల్ల దగ్గర కూర్చుని గీసిందే, ప్రతి రంగూ ఎవరో ఒకరు కుంచెతో నింపిందే. వాటిని మనం అన్నం తింటూ, మధ్యమధ్యలో ఫోన్ చూసుకుంటూ దాటేస్తాం.

ఇప్పుడు 35, 40 ఏళ్ళ వయసున్నవాళ్ళకు ఇవి మన ఊళ్ళలోకి ఎలా వచ్చాయో గుర్తుండే ఉంటుంది. ఆదివారాలు దూరదర్శన్‌లో హిందీలో మోగ్లీ, డక్ టేల్స్. కార్టూన్ నెట్‌వర్క్ ఇండియాలో 1995లో మొదలైంది. నల్లగొండ, పాలమూరు వాడల్లోకి కేబుల్ వైరు వచ్చాక టామ్ అండ్ జెర్రీ, రోడ్ రన్నర్ రోజూ వచ్చే చుట్టాలయ్యారు. భాష రాకపోయినా ఇబ్బంది లేదు, వాటిలో మాటలే తక్కువ. కాకపోతే యాంటెనా తిప్పుతూ చూసిన ఆ బొమ్మలో రంగు ఎక్కడ ముగిసి గీత ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఇవాళ మీ చేతిలో ఉన్న ఫోన్ అంతకన్నా వంద రెట్లు స్పష్టంగా చూపిస్తుంది. చూసిన కార్టూనే కదా అనుకోకండి. చాలావరకు మనం వాటిని చూడలేదు, విన్నాం.

కింద చెప్పేదంతా ఒకే పట్టు మీద నడుస్తుంది: నవ్వొచ్చే చోట కాదు, దానికి అర సెకను ముందు చూడండి. దెబ్బ ఎలాగూ అందరికీ కనిపిస్తుంది. దెబ్బకు ముందు ఏం గీశారు, తర్వాత ఏం గీశారు అన్న దాంట్లోనే పనితనమంతా ఉంది.

ముందు టీవీని దారికి తెచ్చుకోండి

ఇది ఐదు నిమిషాల పని, కానీ వదిలేస్తే తర్వాత చేసేదంతా వృథా. కొత్త టీవీల్లో కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, 'మోషన్' అనే మాట ఎక్కడో కనిపిస్తుంది. క్రికెట్‌కు బాగుంటుందేమో కానీ కార్టూన్‌కు అది విషం. రెండు బొమ్మల మధ్య లేని బొమ్మను టీవీయే కల్పించి పెడుతుంది. ఆర్టిస్ట్ కావాలని వదిలిన ఖాళీని మిషన్ పూడుస్తుందన్నమాట. దాన్ని ఆపేయండి. పిక్చర్ మోడ్ 'మూవీ' లేదా 'సినిమా'లో పెట్టండి, లేకపోతే ఎరుపు, నీలం కళ్ళల్లో గుచ్చుకుంటాయి.

తర్వాత బొమ్మ ఆకారం. 1950ల మొదటి వరకు వచ్చిన కార్టూన్లు దాదాపు చతురస్రంగా ఉంటాయి. తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే అదే సరైన బొమ్మ. ఆ పట్టీలు చూసి డబ్బులు పోయినట్టు ఫీలై రిమోట్‌తో సాగదీస్తే టామ్ పొట్టిగా, లావుగా అయిపోతాడు. జూమ్ చేస్తే తల తెగుతుంది. 1954 నుంచి టామ్ అండ్ జెర్రీలో కొన్ని వెడల్పాటి సినిమాస్కోప్‌లోనే తీశారు, వాటిని అలాగే చూడండి.

ఫోన్‌లో యూట్యూబ్ అయితే ప్లేబ్యాక్ స్పీడ్ 0.25కి తగ్గించుకోవచ్చు. కంప్యూటర్ ఉంటే ఇంకా సుఖం: వీడియో ఆపి కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు, కామా నొక్కితే వెనక్కి పోతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇంగ్లీషు 'E' అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు నడుస్తుంది.

ఒకటే ఎంచుకోండి

పది కార్టూన్లు ఒకసారి చూడటం కన్నా ఒకే కార్టూన్ నాలుగుసార్లు చూడటం మేలు. మొదటిదిగా నేనైతే 1947 నాటి 'ది క్యాట్ కాన్సర్టో' చెప్తాను. టామ్ కోటు వేసుకుని స్టేజీ మీద పియానో వాయిస్తుంటాడు, జెర్రీ ఆ పియానోలోనే నిద్రపోతుంటాడు. ఒకే చోటు, ఇద్దరే పాత్రలు, సంగీతం మాత్రం ఆగదు. ఆస్కార్ కూడా వచ్చింది. విలియం హానా, జోసెఫ్ బార్బెరా ఎంజీఎం స్టూడియోలో తీసిన టామ్ అండ్ జెర్రీలకు 1943 నుంచి 1953 మధ్య ఏడు ఆస్కార్‌లు వచ్చాయి.

ఒక జాగ్రత్త. టామ్ అండ్ జెర్రీ అని పేరున్నవన్నీ ఒకే చేతి పని కాదు. హానా, బార్బెరాలు 1940 నుంచి 1958 వరకు 114 తీశారు. తర్వాత జీన్ డైచ్ ప్రాగ్ నగరంలో 13 చేశాడు. ఆ తర్వాత చక్ జోన్స్ 34. టామ్‌కు దట్టమైన కనుబొమ్మలు, జెర్రీకి పెద్ద కళ్ళు కనిపిస్తే అది జోన్స్ కాలం. కదలికలు తిక్కతిక్కగా, చప్పుళ్ళు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటే డైచ్. నా మటుకు 1940ల మధ్య నుంచి 1950ల మొదటి వరకు వచ్చినవాటికి సాటి లేదు. మీకు వేరే నచ్చితే పోట్లాట లేదు.

డబ్బు ఖర్చు వద్దనుకుంటే 1941 నుంచి 1943 వరకు వచ్చిన 17 సూపర్‌మ్యాన్ కార్టూన్లున్నాయి. అమెరికాలో వాటికి కాపీరైట్ లేదు కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి తొమ్మిదీ ఫ్లైషర్ స్టూడియోవి. నవ్వు ఉండదు కానీ నీడలు చూడటానికి వాటిని మించినవి తక్కువ.

మొదటిసారి మామూలుగా చూడండి. నవ్వొస్తే నవ్వండి. రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేయండి. టామ్ అండ్ జెర్రీలకు సంగీతం రాసిన స్కాట్ బ్రాడ్లీ ప్రతి అడుగుకీ ప్రతి తన్నుకీ ఒక స్వరం పెట్టేవాడు. టామ్ అరుపు డైరెక్టర్ హానా సొంత గొంతు. ఆ చప్పుడు మన చెవిని పట్టుకుని లాక్కుపోతుంది. అది ఆగగానే కళ్ళకు పని దొరుకుతుంది.

మూడోసారి వెనక్కి చూడండి

ఈసారి టామ్‌ను, జెర్రీని అస్సలు చూడొద్దు. వాళ్ళు ఎటు పరుగెత్తినా మీ చూపు గోడ మీద, నేల మీద, చెట్టు మీదే ఉండాలి. మొదట్లో కష్టం, కళ్ళు వాటంతటవే పాత్రల వెంట పోతాయి. రెండు నిమిషాలు పట్టుబడితే అలవాటవుతుంది.

అప్పుడు కనిపించే మొదటి సంగతి: వెనక ఉన్న ఇల్లు, తోట ఒక రకం బొమ్మ. ముందు కదిలే పాత్రలు ఇంకో రకం బొమ్మ. వెనకది కాగితం మీద వాటర్ కలర్‌తోనో, పోస్టర్ కలర్ లాంటి మందపు రంగుతోనో తీరిగ్గా వేసిన పెయింటింగ్. అందులో కుంచె జాడలుంటాయి, వెలుగు నుంచి నీడలోకి మెల్లగా జారే రంగులుంటాయి. పాత్రలు మాత్రం పారదర్శకమైన షీట్ మీద ఉంటాయి. ముందు వైపు సిరాతో గీత, వెనక వైపు మచ్చ లేకుండా నింపిన రంగు. ఆ షీట్‌ను పెయింటింగ్ మీద పరిచి, పైనుంచి కెమెరాతో ఒక్క ఫ్రేమ్ తీసి, షీట్ మార్చి మళ్ళీ ఇంకొకటి తీసేవాళ్ళు. ఈ పద్ధతి పేటెంట్ కోసం 1914లో ఎర్ల్ హర్డ్ అనే అమెరికన్ దరఖాస్తు చేశాడు. అదే ఏడాది విన్సర్ మెకే తన డైనోసార్ కార్టూన్‌లో పాత్రతో పాటు కొండనూ నేలనూ కూడా ప్రతి కాగితం మీదా మళ్ళీ మళ్ళీ గీయించాల్సి వచ్చింది. షీట్ వచ్చాక ఆ తిప్పలు పోయాయి. వెనకది ఒక్కసారి బాగా వేసుకుంటే చాలు.

దీనివల్ల ఒక తమాషా పుట్టింది. మీరు చిన్నప్పుడే గమనించి ఉంటారు. కొండ మీద వంద రాళ్ళుంటే, పడబోయే రాయి ఏదో పడకముందే తెలిసిపోతుంది. అదొక్కటే రంగు చదునుగా, అంచు గీతతో ఉంటుంది. బీరువాలో తెరుచుకోబోయే తలుపు కూడా అంతే. కదలనివి పెయింటింగ్‌లో ఉంటాయి, కదలబోయేవి షీట్ మీదికి వస్తాయి. ఇది తప్పు కిందికి వస్తుందని కొందరంటారు. నాకైతే ఇష్టం. పని జరిగిన తీరు అక్కడ బయటపడుతుంది.

ఇంకా లోతుకు పోతే, ఒకేసారి మూడు నాలుగు షీట్లు ఒకదాని మీద ఒకటి పరిచేవాళ్ళు. షీట్ ఎంత పారదర్శకమైనా కొంచెం మసక ఉంటుంది. అడుగు షీట్ మీద టామ్ రంగు, పై షీట్ మీద టామ్ రంగు ఒకేలా కనిపించాలంటే ఆ రెండు చోట్లా వేసే రంగే కొద్దిగా తేడాగా కలపాలి. డిస్నీ స్టూడియోలో ఈ సిరా, రంగు పని చేసినవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు తెర మీద కనిపించవు.

వెనక బొమ్మల విషయంలో తప్పక చూడాల్సినవి రెండు చెప్తాను. ఒకటి 1942 నాటి 'బాంబి'. చైనాలో పుట్టి అమెరికాలో పెరిగిన టైరస్ వాంగ్ ఆ సినిమా అడవికి రూపం ఇచ్చాడు. ఆయనకు పాత చైనా కొండల చిత్రాలంటే ప్రాణం. అడవి అంటే ఆకు ఆకూ గీయడం కాదు, జింకపిల్ల నిలబడ్డ చోట మాత్రం స్పష్టంగా ఉంచి, చుట్టూ ఉన్నదంతా మంచులా వదిలేయడం అని చూపించాడు. దాన్ని బాంబి చూసి అర్థం చేసుకోవడం కన్నా ముందు మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రికి పోయి అర్థం చేసుకోవడం తేలిక. దాదాపు మూడెకరాలు పరుచుకున్న మర్రి అది. 2018లో చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్న చెట్టు. కొంచెం దూరంగా నిలబడి కళ్ళు సగం మూయండి. ఊడలు, ఆకులు, కొమ్మలు అన్నీ కలిసిపోయి మూడు నాలుగు ముద్దలు మాత్రం మిగులుతాయి: చీకటి ముద్ద, పచ్చ ముద్ద, మధ్యలోంచి దూరిన వెలుగు. బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్ట్ మొదట వేసేది ఆ ముద్దల్నే. ఆ తర్వాత బాంబి చూడండి, ఏం వదిలేశారో తెలుస్తుంది.

రెండోది రోడ్ రన్నర్. 1949లో చక్ జోన్స్ మొదలుపెట్టిన ఈ వరుసలో మొదటిదాంట్లో రాళ్ళూ ఎడారీ కొంతవరకు నిజమైనవాటిలాగే ఉంటాయి. 1950లలో మారిస్ నోబుల్ లేఅవుట్లు (తెరలో ఏది ఎక్కడ ఉండాలో చూపే గీతలు) చేయడం, ఫిలిప్ డీగార్డ్ రంగులు వేయడం మొదలయ్యాక ఆ రాళ్ళు క్రమంగా మారిపోయాయి. ఆకాశం నీలంగా ఉండాలన్న రూలే పోయింది. బండలు నిలబడలేనంత సన్నని కాళ్ళ మీద నిలబడ్డాయి. అవన్నీ అమెరికా నైరుతి ఎడారులు కానీ, నల్లగొండలో కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట చూస్తూ పెరిగినవాళ్ళకు, దేవరకొండ దారిలో బండ మీద బండ ఎక్కి కూర్చున్న దృశ్యం తెలిసినవాళ్ళకు అవి అంత పరాయిగా అనిపించవు. మొదటి కార్టూన్, ఒక 1950ల చివరి కార్టూన్ పక్కపక్కన పెట్టుకుని ఆపి చూడండి. అదే కొండ, రోడ్ రన్నర్‌ను వెంటాడే అదే గుంటనక్క. రంగు మాత్రం భూగోళం పుస్తకం వదిలేసి తన దారి తాను చూసుకుంది.

ఇదే ఊపులో డిస్నీ 1937లో తీసిన 'ది ఓల్డ్ మిల్' కూడా. అందులో వెనక బొమ్మను ఒకే కాగితం మీద వేయకుండా కొన్ని గాజు పలకల మీద విడదీసి, వాటి మధ్య ఖాళీ వదిలి, పైనుంచి కెమెరాతో తీస్తూ ఆ పలకల్ని వేర్వేరు వేగాలతో జరిపారు. దగ్గరి కొమ్మ గబగబా జరుగుతుంది, దూరపు చెరువు మెల్లగా జరుగుతుంది. సాగర్ రోడ్డులో బస్సు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు కంచె కర్రలు, చేను, గుట్ట మూడూ మూడు వేగాలతో పోవడం గమనించండి. ఆ పరికరం పట్టుకోవాలనుకున్నది సరిగ్గా దాన్నే.

ఇప్పుడు దెబ్బకు ముందు

నాలుగోసారి అసలు పని. టామ్ పరుగు అందుకునే ఒక చోటు వెతకండి. సరిగ్గా కదలడానికి ముందు ఆపి, ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరపండి. ముందుకు పోవాల్సినవాడు మొదట వెనక్కి వంగుతాడు. ఒంటి బరువంతా వెనక కాలి మీద పడుతుంది, ఒక కాలు పైకి లేస్తుంది, చేతులు ముడుచుకుంటాయి, మెడ సాగుతుంది. ఆ తర్వాత మాయం. తరచుగా పరుగు అసలు ఉండదు, దుమ్ము మాత్రమే ఉంటుంది. మనం చూశామనుకున్న వేగమంతా పరుగులో లేదు, పరుగుకు ముందు వెనక్కి వంగడంలో ఉంది.

యానిమేటర్లు దీన్ని 'యాంటిసిపేషన్' అంటారు. డిస్నీలో దశాబ్దాలు పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో ఇలాంటి పన్నెండు సూత్రాలను పుస్తకంగా రాసిపెట్టారు. పన్నెండూ నేర్చుకోనక్కర్లేదు. నాలుగైదు పట్టుకుంటే చాలు, మిగతావి వాటంతటవే తెలుస్తాయి.

వెనక్కి వంగడం తర్వాత వచ్చేది సాగడం, నలగడం. పెనం మొహానికి తగిలే ముందు ఫ్రేమ్‌లో చూడండి, తగిలిన ఫ్రేమ్‌లో చూడండి. ముందు ఒళ్ళు పొడుగ్గా సాగుతుంది, తగలగానే అణిగిపోతుంది. కానీ ఎంత సాగినా ఎంత అణిగినా మొత్తం కండ మారదు. పొడుగు పెరిగితే లావు తగ్గాలి, లావు పెరిగితే పొడుగు తగ్గాలి. ఈ లెక్క తప్పితే పాత్ర ఒకసారి ఉబ్బి ఒకసారి కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది, బరువు పోతుంది. మంచి కార్టూన్‌లో టామ్‌ను ఎక్కడ ఆపినా అదే పిల్లి, అదే బరువు. నాసిరకం వాటిలో ఈ తేడాను మీ కళ్ళు వారంలో పట్టేస్తాయి.

మూడోది చాలా సరదా. టామ్ తల గభాలున తిప్పే చోట ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరపండి. ఎక్కడో ఒక్క ఫ్రేమ్‌లో మొహం సాగిపోయిన పిండిముద్దలా, ఒక్కోసారి నాలుగు కళ్ళతో, మూడు చేతులతో దొరుకుతుంది. దీన్ని 'స్మియర్' అంటారు. విడిగా చూస్తే వికారం, వేగంగా నడిస్తే ఊపు. 1942లో చక్ జోన్స్ 'ది డోవర్ బాయ్స్' అనే కార్టూన్‌లో దీన్ని దాచకుండా బాహాటంగా వాడాడు: మనిషి ఈ చోటు నుంచి ఆ చోటుకు ఒక రంగు చారలాగా జారిపోతాడు. ఇంట్లో పిల్లలుంటే స్మియర్ వేట పెట్టండి. పది నిమిషాల్లో మీకన్నా ఎక్కువ పట్టుకుంటారు.

ఇక ఆగడం. కదలిక ఎంత ముఖ్యమో, కదలకపోవడం అంత ముఖ్యం. గుంటనక్క కొండ అంచు దాటి గాల్లో నిలబడుతుంది. పడదు. కింద ఏమీ లేదని కాలితో తడిమి తెలుసుకుంటుంది. మన వైపు ఒక చూపు చూస్తుంది. ఆ చూపులో దాదాపు ఏ గీతా కదలదు, మహా అయితే చెవులు వాలతాయి. పడటం మనకు ముందే తెలుసు, పడ్డాక లోయ అడుగున లేచేది చిన్న దుమ్ము చుక్క మాత్రమే. నవ్వంతా ఆ నిలబడ్డ క్షణంలో ఉంది. జోన్స్ ఆ క్షణాన్ని ఫ్రేముల్లో కొలిచి పెట్టేవాడు. రెండు ఫ్రేములు ఎక్కువైనా చప్పబడుతుంది, తక్కువైనా అందదు. మీరూ ఆ నిలబడ్డ ఫ్రేములు లెక్కపెట్టి వేరే కార్టూన్‌తో పోల్చి చూడండి.

దెబ్బ తర్వాత కూడా ఒక చూపు వేయాలి. టామ్ ఆగినా తోక ఆగదు. చెవులు, మీసాలు, కోటు అంచు, అన్నీ ఒంటి వెనక కొంచెం ఆలస్యంగా వచ్చి సర్దుకుంటాయి. క్యాట్ కాన్సర్టోలో టామ్ కోటు తోకల్ని మాత్రమే చూస్తూ ఒక నిమిషం గడపండి.

లెక్క తేలాల్సిన చోటు

సెకనుకు 24 ఫ్రేములన్నాం కానీ 24 బొమ్మలు గీయాలని లేదు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు ఉంచితే 12 బొమ్మలతో సరిపోతుంది, కంటికి తేడా తెలియదు. చాలా కదలికలు అలాగే చేస్తారు. మరీ వేగమైన చోట, కెమెరా పక్కకు జరిగే చోట మాత్రం ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ. కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ నొక్కుతూ బొమ్మ ఎన్ని నొక్కులకు మారుతోందో చూడండి. రెండుకోసారి మారితే ఒక రకం, ప్రతిసారీ మారితే ఇంకో రకం. ఒక చిక్కు ఉంది: ఇంటర్నెట్‌లో కొన్ని వీడియోలు సెకనుకు 30 ఫ్రేములకు మార్చినవి. వాటిలో అదే ఫ్రేమ్ అదనంగా రిపీట్ అవుతుంది, లెక్క కుదరదు. అప్పుడు వేరే కాపీ వెతుక్కోండి, బుర్ర పాడుచేసుకోకండి.

ఈ లెక్కంతా గీయకముందే అయిపోతుంది. ఏ ఫ్రేములో ఏ బొమ్మ, ఏ షీటు, నోరు ఏ అక్షరం దగ్గర తెరవాలి, అన్నీ ఒక పొడవాటి గళ్ళ కాగితం మీద ముందే రాసుకుంటారు. పోచంపల్లి మగ్గం తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అక్కడా డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద పడుతుంది, దాని ప్రకారం నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. విడి పోగును చూస్తే అక్కడక్కడా మరకలున్న దారం. నేసినప్పుడు గానీ హంస కనిపించదు. ఒక్క పోగు జరిగితే హంస మెడ చెదిరినట్టే, ఒక్క షీటు దాన్ని కదలకుండా పట్టి ఉంచే పెగ్గుల్లో సరిగ్గా కూర్చోకపోతే టామ్ వణుకుతాడు.

ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ఏం చేశారో చూడటం కూడా కళ్ళకు మంచి సాధన. 1957లో ఎంజీఎం కార్టూన్ స్టూడియో మూతపడ్డాక అదే హానా, బార్బెరా టీవీకి మారారు. బడ్జెట్ చిన్నది, గడువు దగ్గరిది. అందుకే యోగీ బేర్ ఎలుగుబంటికి మెడలో కాలర్, టై. అది ఫ్యాషన్ కాదు. కాలర్ దగ్గర తలను ఒంటి నుంచి విడదీస్తే, మాట్లాడేటప్పుడు తల ఒక్కటే మళ్ళీ గీస్తే సరిపోతుంది. ఫ్లింట్‌స్టోన్స్‌లో పరుగెత్తుతుంటే వెనక అదే కిటికీ, అదే బల్ల ఎన్నిసార్లు తిరిగొస్తాయో లెక్కపెట్టండి. వీటిని చూసి చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. నేను సగం ఒప్పుకుంటాను. కదలిక పలచబడిన మాట నిజమే, కానీ పాత్రల డిజైన్ మాత్రం ఒక్క చూపులో గుర్తుపట్టేటంత గట్టిది.

గీత, నీడ

పాత్రను మొత్తం నల్లగా నింపేస్తే ఏం చేస్తోందో తెలుస్తుందా? మంచి పోజుకు ఇదే పరీక్ష. ఫ్రేమ్ ఆపి కళ్ళు చికిలించండి. చెయ్యి పొట్ట మీదుగా పోకుండా పక్కకు చాపి ఉంటుంది, చేతిలోని సుత్తి ఖాళీ ఆకాశం మీద కనిపిస్తుంది. తర్వాత తల నుంచి తోక దాకా ఒకే ఊహాగీత గీసి చూడండి. విల్లులా వంగిన ఒక్క గీత దొరికితే ఆ బొమ్మలో ప్రాణం ఉన్నట్టే. బాపు బొమ్మల ముందు ఆగి చూసిన కళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

గీత రంగు కూడా చూడండి. 1940, 50ల డిస్నీ సినిమాల్లో అంచు గీత అన్ని చోట్లా నలుపు కాదు, చాలా చోట్ల లోపలి రంగుకు దగ్గరి ముదురు రంగు. 1961లో కుక్కపిల్లల సినిమా 'వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్' నుంచి జిరాక్స్ పద్ధతి వచ్చింది. యానిమేటర్ పెన్సిల్ గీత నేరుగా షీట్ మీదికి ఎక్కింది. గీత గరుకుగా, నల్లగా ఉంటుంది. కొందరికి అది మొరటు. నాకు మాత్రం మధ్యలో ఎవరూ లేకుండా గీసిన చెయ్యే కనిపిస్తుంది.

నీడ సంగతి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక రోజంతా నిలిచే నీడను చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. టామ్ పాదాల కింద ఉన్న నీడను మాత్రం ఎవ్వరూ చూడరు. ఆ చిన్న బూడిద మచ్చ లేకపోతే పిల్లి నేల మీద నిలబడదు, తేలుతుంది. గెంతినప్పుడు నీడ కిందే ఉండి చిన్నదవుతుంది, దాన్ని బట్టే ఎంత ఎత్తు ఎగిరాడో మనకు అర్థమవుతుంది. సూపర్‌మ్యాన్ కార్టూన్లలో నీడ ఇంకా పెద్ద వేషం వేస్తుంది, గోడ మీద మనిషికన్నా ముందు నీడే వస్తుంది.

పిల్లలతో చూసేటప్పుడు

ఒక్క మాట. 1940ల అమెరికన్ కార్టూన్లలో నల్లజాతివాళ్ళను, ఇతర దేశాలవాళ్ళను వెక్కిరించే బొమ్మలున్నాయి. టామ్ అండ్ జెర్రీలోని పనిమనిషి పాత్ర కూడా ఆ కోవదే. ఎంత బాగా గీసినా అది తప్పు తప్పే. ముందు మీరొక్కరు చూసుకుని, పిల్లలు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

మన కథ కావాలంటే జపాన్‌కు చెందిన యూగో సాకో, మన రామ్ మోహన్ వాళ్ళు కలిసి చేత్తో గీయించిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' ఉంది. 1990ల మొదట్లో తయారైన ఈ సినిమా 2025 జనవరిలో తెలుగు డబ్బింగ్‌తో కూడా థియేటర్లకు వచ్చింది. పైన చెప్పిన కళ్ళతోనే చూడండి: ముందు వెనక బొమ్మలు, తర్వాత బాణం వదలకముందు భుజం.

చివరికి మీరే గీయండి

బొమ్మలు రావు అనకండి, బంతి చాలు. అరచేతిలో పట్టే 24 పలచని కాగితాలు ఒకే కొలతలో కోసి, ఒక పక్కన బైండర్ క్లిప్ పెట్టండి. అట్టడుగు కాగితం మీద మొదలుపెట్టి పైకి రండి, అప్పుడు కింది బొమ్మ లీలగా కనిపించి కొత్త బొమ్మ ఎక్కడ వేయాలో తెలుస్తుంది. తిప్పేటప్పుడు కూడా కింది నుంచి పైకే తిప్పాలి. అన్నిట్లోనూ నేల గీత ఒకే చోట ఉండాలి.

బంతి పై నుంచి పడి, తగిలి, మళ్ళీ లేవాలి. పైన ఉన్నప్పుడు బంతులు దగ్గరదగ్గరగా, దాదాపు ఒకదాని మీద ఒకటి పడేలా గీయండి. కిందికి వచ్చే కొద్దీ దూరం పెంచండి. నేలకు తగిలే ముందు కాగితంలో బంతిని నిలువుగా కొంచెం సాగదీయండి. తగిలిన కాగితం ఒక్కదాంట్లో అడ్డంగా నలపండి, కండ లెక్క మరిచిపోకుండా. లేచేటప్పుడు ఇదే వరుస తిరగేసి, మొదటి ఎత్తుకు కొంచెం తక్కువలో ఆపండి. సెకనుకు 12 చొప్పున తిప్పితే రెండు సెకన్ల సినిమా.

మొదటిసారి బంతి చాలావరకు తేలుతూనే ఉంటుంది. అంటే దూరాలన్నీ సమానంగా వేశారన్నమాట. మళ్ళీ గీయనక్కర్లేదు. పడే దారిలో మధ్య నుంచి రెండు కాగితాలు లాగేసి తిప్పండి. ఇంకా మెత్తగా ఉంటే ఇంకొకటి లాగండి. నేలకు తగిలిన కాగితాన్నీ, దానికి ముందున్న కాగితాన్నీ మాత్రం ముట్టుకోకండి.